ఢిక్రీ: థారూల ఆవిరి కుడుము, దాని వెనక ఉన్న వరిమడి



ఈసారి మన కుడుముకు చుట్టం లాంటి ఒక వంట గురించి చెప్తాను. పేరు ఢిక్రీ. నేపాల్ తరాయి మైదానాల్లో, దాన్ని ఆనుకుని మన దేశంలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్, బీహార్‌లలో ఉండే థారూ ప్రజలు చేసుకుంటారు. వాళ్ల కొత్త సంవత్సరం మాఘీ, మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. అప్పటికి వరి కోతలైపోయి ఇంట్లో కొత్త బియ్యం ఉంటాయి.

తయారీ తేలికే. బియ్యప్పిండిలో వేడినీళ్లు కొద్దికొద్దిగా పోసి ముద్ద కలపాలి. చన్నీళ్లతో కలిపితే ముద్ద విరిగిపోతుంది. గోధుమపిండికి ఉండే సాగే గుణం బియ్యప్పిండికి లేదు. వేడి తగిలితేనే పిండి ఉబ్బి బంకలా పట్టుకుంటుంది. ఆ ముద్దను వేళ్లలా పొడవుగానో, చేపలానో, పిట్టలానో చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. చుక్క నూనె అక్కర్లేదు. ముద్ద ఎంత మెత్తగా ఉండాలో వీడియోలో చూడండి.

రైతులుగా మనం గమనించాల్సింది, దాని పక్కన ఏం పెట్టుకుంటారన్నది. పచ్చడితో పాటు ఘోంఘీ కూర ఉంటుంది. ఘోంఘీ అంటే నత్తలు. వరిమళ్లలో, చెరువుల్లో, కాలువల్లో ఏరుకొచ్చి, కడిగి, అవిసె గింజల పొడి వేసి వండుతారు. బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ల దాకా ఉంటాయి, అంతే. ఆ లోటు నత్త తీరుస్తుంది. అంటే కుడుమూ కూరా రెండూ ఒకే మడి నుంచి రావచ్చన్నమాట.

ఆ మడిలో పురుగుమందు, నత్తల మందు చల్లారనుకోండి. వడ్ల బస్తాలు తగ్గకపోవచ్చు. కానీ కూర పోతుంది, దాన్ని బజారులో కొనుక్కోవాలి. ఆ ఖర్చు మనం సాగు లెక్కలో రాయం. మన ఊళ్లలోనూ వరిమళ్లలో చేపపిల్లలు, పీతలు పట్టిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే.

అందుకే నేను అడిగేది ఒకటే. ఎకరాకు ఎన్ని బస్తాలు అని రాసుకునే పుస్తకంలోనే, మడి నుంచి, గట్టు మీద నుంచి ఇంటికొచ్చిన ఆకుకూర, చేప, పీత కూడా రాయండి. ఏడాది తిరిగేసరికి మందు లేని సాగు ఎంత మిగిల్చిందో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త: పక్క చేలో మందు కొట్టి ఉంటే ఆ నీళ్లలో నత్తలు ఏరకండి. తినేవాళ్లు బాగా ఉడికించి మాత్రమే తినండి. పచ్చి నత్తల్లో మనిషికి హాని చేసే పురుగులు ఉంటాయి.

మీ మడి నుంచి వడ్లు కాక ఇంకా ఏమేం వస్తున్నాయో రాయండి.