పాడైన ఛాయాచిత్రాల ఫైళ్ల వల్ల విశ్లేషణ ప్రోగ్రాములు క్రాష్ కావడం: కారణాలు, సవరణ

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు మండలంలో మామిడి, పత్తి, మిర్చి సాగయ్యే పొలాలు గ్రామాలు, తండాల చుట్టూ చెదురుగా విస్తరించి ఉన్నాయి. ఇటువంటి మండలంలో ప్రతి పొలానికీ శాస్త్రవేత్త స్వయంగా వెళ్లడం సాధ్యం కాదు. 2021-22లో మిర్చి పూతను దెబ్బతీసిన నల్ల తామర పురుగు, క్షేత్రస్థాయి చిత్రాలు వెంటనే చేతికి అందడం ఎంత అవసరమో తెలియజేసింది. అందువల్ల సెల్‌ఫోనులో తీసిన ఆకు, పూత చిత్రాలను ఒకచోట చేర్చి, ఇమేజ్‌జె వంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాముతోనో, విద్యార్థులే పైథాన్‌లో రాసుకున్న ప్రోగ్రాముతోనో కొలవడం పరిపాటి అయింది. అయితే నాలుగు వందల చిత్రాలను అప్పగించి రాత్రికి వదిలివేసిన ప్రోగ్రాము ఉదయానికి ఏదో ఒక చిత్రం వద్ద ఆగిపోయి ఉండడం, అప్పటి వరకు కొలిచిన విలువలు కూడా పోవడం పరిశోధక విద్యార్థులకు కొత్త అనుభవం కాదు.

ఫైలు పాడయ్యే మార్గాలు సామాన్యమైనవే. కాపీ పూర్తి కాకముందే మెమరీ కార్డును తీసివేస్తే చిత్రం మధ్యలో తెగిపోతుంది. రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఫైలు పరిమాణం సరిగానే కనిపించినా లోపల అన్నీ సున్నాలే ఉండవచ్చు. డౌన్‌లోడ్ విఫలమైనప్పుడు సర్వరు పంపిన దోష సందేశమే జేపెగ్ పేరుతో భద్రమయ్యే సందర్భాలూ ఉన్నాయి. జేపెగ్ ఫైలు 255, 216 అనే రెండు బైట్లతో మొదలై 255, 217తో ముగియాలి. పీఎన్‌జీ ఫైలు 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది. ఈ ఆరంభపు బైట్లను చూస్తే చాలు, పేరు మార్చుకుని వచ్చిన ఫైళ్లలో అధికభాగం బయటపడతాయి.

లోపలి దోషం పట్టుకోవడం మాత్రం అంత సులభం కాదు. పీఎన్‌జీలో ప్రతి ఖండానికీ సీఆర్‌సీ అనే సరిచూపు సంఖ్య ఉంటుంది. ఒక్క బిట్ మారినా అది తెలుపుతుంది. జేపెగ్‌లో అటువంటి ఏర్పాటు లేదు. పైగా అందులోని సమాచారం హఫ్‌మన్ సంకేతాలతో ఎడతెగని వరుసగా కుదించబడి ఉంటుంది. ఒక్క బిట్ తప్పితే ఆ తరువాతి సంకేతాల హద్దులు చెదిరిపోవచ్చు. ప్రతి గడి సగటు వెలుగునూ దాని ముందరి గడితో గల తేడాగా రాస్తారు కనుక, ఒకచోట పుట్టిన తప్పు చిత్రం చివరి వరకు రంగు మార్పుగా ప్రాకుతుంది.

ఫైలు పాడైనంత మాత్రాన ప్రోగ్రాము ఎందుకు కూలాలి? ఫైలు తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ప్రోగ్రాము పరీక్షించకుండా నమ్మడమే దీనికి మూలం. ఒక చిత్రం శీర్షభాగం పాడై వెడల్పు 40,000, ఎత్తు 40,000 అని చూపిందనుకుందాం. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున 480 కోట్ల బైట్ల జ్ఞాపకశక్తి కావాలి. ఈ గుణకారాన్ని 32 బిట్ల సంఖ్యలో చేసే ప్రోగ్రాముకు ఫలితం 429 కోట్లు దాటి పొర్లి, సుమారు 50 కోట్లుగానే కనిపిస్తుంది. ఆ మేరకే చోటు కేటాయించి, అంతకు ఎన్నో రెట్లు అందులో రాయబోతే పక్కనున్న సమాచారం చెరిగి ప్రోగ్రాము క్రాష్ అవుతుంది.

ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు. 2004 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన జీడీఐ ప్లస్ గ్రంథాలయంలో ఇటువంటి దోషాన్నే సవరించింది. జేపెగ్‌లోని వ్యాఖ్య ఖండం పొడవులో ఆ పొడవును తెలిపే రెండు బైట్లు కూడా కలిసి ఉంటాయి. పొడవు సున్నా లేక ఒకటి అని ఉన్నప్పుడు ప్రోగ్రాము దానిలోంచి రెండు తీసివేయగా, రుణసంఖ్యకు బదులు బ్రహ్మాండమైన ధనసంఖ్య ఏర్పడేది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాలను చదివే గ్రంథాలయంలోనూ హఫ్‌మన్ పట్టికలకు సంబంధించిన మరో దోషం బయటపడి, బ్రౌజర్లన్నీ హడావుడిగా సవరణలు విడుదల చేశాయి. చిత్రాలను చదివే గ్రంథాలయాలను ఎప్పటికప్పుడు నవీకరించుకోవలసిన అవసరం ఇందువల్లనే. ప్రయోగశాల కంప్యూటర్లలో ఈ పనిని వాయిదా వేయడం అలవాటైపోయింది.

మరొక కారణం ఉన్నది. ఇది విద్యార్థులకు తరచుగా తెలియదు. ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ 1991లో తొలిసారి విడుదల చేసిన లిబ్‌జేపెగ్ గ్రంథాలయం, సవరించలేని దోషం ఎదురైతే సందేశం ముద్రించి మొత్తం ప్రోగ్రామునే ముగించివేస్తుంది. వాడేవారు తమ స్వంత దోష నిర్వహణను అమర్చుకోవాలన్నది దాని రచయితల ఉద్దేశం. అది అమర్చని ప్రోగ్రాములలో ఒక్క చెడ్డ చిత్రంతో పని అంతా ముగుస్తుంది.

సవరణకు మొదటి మెట్టు దోషి ఫైలును గుర్తించడం. ప్రతి ఫైలును తెరవడానికి ముందే దాని పేరును లాగ్‌లో రాసి, ఆ లాగ్‌ను వెంటనే డిస్కుకు చేర్చాలి. ప్రోగ్రాము ఆగినప్పుడు చివరి పేరే సమాధానం. లాగ్ లేని పాత ప్రోగ్రామైతే ఫైళ్లను సగం సగంగా విడదీసి నడపాలి. నాలుగు వందల ఫైళ్లలో ఒక్కటే చెడ్డదైతే తొమ్మిది విడతలలో దొరుకుతుంది. ఆ తరువాత పరిమాణం, ఆరంభపు బైట్లు, వెడల్పు ఎత్తుల హద్దు పరీక్షించి, చదివే భాగాన్ని దోష నిర్వహణలో ఉంచాలి. పైథాన్‌లోని పిల్లో గ్రంథాలయం సుమారు 8.95 కోట్ల పిక్సెళ్లు దాటితే హెచ్చరిస్తుంది, దానికి రెట్టింపు దాటితే నిరాకరిస్తుంది. సాధారణ ఫోను చిత్రాలకు ఈ హద్దును ఇంకా తగ్గించుకోవచ్చు. పిల్లోలోని వెరిఫై ఆదేశం పిక్సెళ్లను విప్పి చూడదు. జేపెగ్ విషయంలో పూర్తిగా చదివించి చూస్తేనే నమ్మకం. జ్ఞాపకశక్తి దోషాలను పైథాన్ దోష నిర్వహణ ఆపలేదు కాబట్టి, చదివే పనిని వేరు ప్రాసెస్‌లో నడపడం ఉత్తమం. అది కూలినా ప్రధాన ప్రోగ్రాము తరువాతి చిత్రానికి సాగిపోతుంది. ప్రతి చిత్రం ఫలితాన్ని అప్పటికప్పుడే భద్రపరచాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

క్రాష్ ఆగిపోయినంత మాత్రాన సమస్య తీరినట్లు కాదు. తెగిపోయిన చిత్రాన్ని కూడా చదవమని పిల్లోకు చెప్పే ఒక అమరిక ఉన్నది. దాన్ని వాడితే దోష సందేశం మాయమవుతుంది. చిత్రంలో లేని అడుగు భాగం సాధారణంగా బూడిద రంగుతో నిండుతుంది. లిబ్‌జేపెగ్ కూడా తెగిన ఫైలుకు హెచ్చరిక మాత్రమే ఇచ్చి ముందుకు సాగుతుంది. మిర్చి ఆకు చట్రం నిండా ఉన్న చిత్రంలో 3,000 వరుసలకు 900 పోయాయనుకుంటే, ఆకుపచ్చ కాని భాగాన్ని తెగులుగా లెక్కించే ప్రోగ్రాము ఆరోగ్యవంతమైన ఆకులోనే 30 శాతం తెగులు చూపుతుంది. ఆ సంఖ్య సగటులో కలిసి, అక్కడి నుంచి రైతుకు ఇచ్చే మందుల సిఫారసు దాకా చేరగలదు. కూలిన ప్రోగ్రాము కన్నా ఇది ఎక్కువ హానికరం. విస్తీర్ణం కొలిచే పనికి తెగిన చిత్రాన్ని తిరస్కరించడమే సరైనది. పురుగును గుర్తించడానికి మాత్రమైతే, తెగినదని గుర్తు పెట్టి వాడుకోవచ్చు.

చదవలేని చిత్రాలను చడీచప్పుడు లేకుండా వదిలివేయడమూ తప్పే. చిత్రాలు పాడవడం అన్ని గ్రామాలలో సమానంగా జరగదు. సిగ్నల్ బలహీనంగా ఉండి, అప్‌లోడ్ మాటిమాటికీ తెగిపోయే తండా నుంచే అవి ఎక్కువగా రావచ్చు. వాటిని తొలగిస్తే ఆ తండా పొలాలే సర్వేలోంచి జారిపోతాయి. కాబట్టి ఫలితాల పట్టికలో ‘చదవబడలేదు’ అనే గడి వేరుగా ఉండాలి, గ్రామంవారీగా వాటి సంఖ్య నివేదికలో కనిపించాలి. ఫోనులో మూలచిత్రం ఉండగానే ఈ సంగతి తెలిస్తే తిరిగి తెప్పించుకోవచ్చు. చిత్రాలను జిప్‌గా కట్టి పంపితే, అందులో ప్రతి ఫైలుకూ సీఆర్‌సీ ఉండడం వల్ల దారిలో జరిగిన నష్టం విప్పగానే తెలుస్తుంది.

సవరించిన ప్రోగ్రామును పరీక్షించడానికి పాడైన ఫైళ్లను పారవేయకుండా ఒక ఫోల్డరులో దాచుకోవాలి. వాటికి తోడు మంచి చిత్రం ప్రతులలో ఒకదాన్ని సగానికి కత్తిరించి, మరొకదానిలో ఒక బైటు మార్చి, ఇంకొకదాన్ని సున్నాలతో నింపి ప్రోగ్రాముకు ఇవ్వాలి. ప్రోగ్రాములో మార్పు చేసిన ప్రతిసారీ ఈ ఫోల్డరును మళ్లీ నడిపి, ఒక్కొక్క ఫైలుకు ఏ కారణం నమోదైనదో చూడాలి.