మలుపులో కారును నిలబెట్టే కడ్డీ

శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు మలుపు తిరిగినప్పుడు లోపల కూర్చున్నవారు బయటి వైపుకు ఒరుగుతారు. కారు పైభాగం కూడా అటే ఒరుగుతుంది. టైర్లు కారును మలుపులోకి లాగుతున్నా, వాటికంటే ఎత్తులో ఉన్న బరువు జడత్వం వల్ల తిన్నగానే పోవాలని చూస్తుంది. దాంతో బయటి వైపు స్ప్రింగులు నొక్కుకుపోతాయి, లోపలి వైపువి సాగుతాయి. ఈ ఒరుగుడును అదుపులో ఉంచేది కారు అడుగున అడ్డంగా ఉండే ఒక ఉక్కు కడ్డీ. దాని పేరు యాంటీ-రోల్ బార్. స్టెబిలైజర్ బార్ అని కూడా అంటారు. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే ఇలాంటి కడ్డీకి పేటెంట్ పొందారు.

మెలికలోనే బలం

ఈ కడ్డీ ఇంగ్లీషు 'యు' అక్షరం ఆకారంలో ఉంటుంది. మధ్యభాగాన్ని రెండు రబ్బరు బుష్‌లు కారు చట్రానికి పట్టి ఉంచుతాయి. రెండు కొసలనూ చెరొక లింక్ రాడ్ చక్రాల సస్పెన్షన్‌కు కలుపుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీ బుష్‌లలో కాస్త తిరిగి ఊరుకుంటుంది. ఒక చక్రం పైకి, రెండోది కిందికి కదిలితే మాత్రం తడి బట్టను పిండినట్టు మెలితిరుగుతుంది. స్ప్రింగ్ ఉక్కు కాబట్టి వెంటనే యథాస్థితికి రావాలని చూస్తుంది. ఒరుగుడును అడ్డుకునేది ఆ బలమే.

కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 20 మి.మీ. కడ్డీ స్థానంలో 22 మి.మీ. కడ్డీ వేస్తే మందం 10 శాతమే పెరుగుతుంది, బిగువు సుమారు 46 శాతం పెరుగుతుంది. అలాగని లావు కడ్డీ వేస్తే మేలు జరుగుతుందని కాదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి చేరే మొత్తం బరువును ఈ కడ్డీ పెద్దగా తగ్గించదు. అందులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నదే మారుస్తుంది. ముందు కడ్డీ మరీ బిగువైతే ముందు టైర్లు త్వరగా పట్టు కోల్పోతాయి, స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగదు.

చప్పుడు చెప్పేదేమిటి?

సాధారణంగా కడ్డీ కంటే ముందు అరిగేవి బుష్‌లు, లింక్ రాడ్ కొసల్లోని బాల్ జాయింట్లు. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే నీరు, ఇసుక లోపలికి చేరతాయి. అప్పుడు గతుకుల్లో నెమ్మదిగా పోతున్నా టకటక చప్పుడు వినిపిస్తుంది. లింక్‌ను విప్పేస్తే చప్పుడు ఆగుతుంది, దానితోపాటు కడ్డీ పని కూడా ఆగిపోతుంది. ఒక్క కొస విడిపోయినా చాలు, కడ్డీ మెలితిరగదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ లోపం బయటపడకపోవచ్చు. హైవే మీద అడ్డొచ్చిన పశువును తప్పించడానికి స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పినప్పుడు కారు అతిగా ఒరిగి అదుపు తప్పే ప్రమాదం ఉంది.

మార్చేటప్పుడు

కారును చదునైన నేల మీద నిలిపి, రెండు చక్రాలనూ సమానంగా ఎత్తి స్టాండ్ల మీద ఉంచాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు. ఒకే చక్రాన్ని ఎత్తితే కడ్డీ మెలితిరిగే ఉంటుంది, నట్టు ఊడగానే లింక్ విసురుగా కదలవచ్చు. నట్టు విప్పేటప్పుడు జాయింటు బోల్టు కూడా తిరగకుండా అలెన్ కీతోనో స్పానర్‌తోనో పట్టి ఉంచాలి. రెండు వైపుల లింకులనూ ఒకేసారి మార్చడం మంచిది. లాక్ నట్లు కొత్తవే వాడాలి. రబ్బరు బుష్‌లకు ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నట్లను కంపెనీ సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించాలి.

లింకులు, బుష్‌లు చక్రాల కోణాలను నిర్ణయించవు కాబట్టి, ఇవి మార్చినంత మాత్రాన సాధారణంగా వీల్ అలైన్‌మెంట్ అవసరం ఉండదు. ఆ తరువాతా చప్పుడు వస్తుంటే స్ట్రట్ మౌంట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు పరీక్షించాలి.