కల్లము నాటి మనస్సు

పంచాంగమున సంవత్సరమునకు పండ్రెండు మాసములు. గుంటూరు సీమలో మిరప పండించు రైతునకు మాత్రము రెండే కాలములు: చేత సొమ్మున్న కాలము, లేని కాలము. మాఘ ఫాల్గుణములలో కల్లము ఎఱ్ఱబారును. టిక్కీలు మిర్చి యార్డుకు చేరి, కాటా అయి, సొమ్ము చేతికి వచ్చును. ఆనాడు భాద్రపదము కడుదూరముగా తోచును. పెండ్లి బట్టలు, ఇంటి మరమ్మతు, క్రొత్త మోటారు సైకిలు ఎదుట నిలిచియుండును. రాబోవు నారు, ఎరువు కంటికి కానరావు. ఆరు మాసములు గడచి మొక్క నాటు వేళకు అదే రైతు ఎరువును అరువు తెచ్చుకొనును. ఆ బాకీకి గడువు మరల కల్లమే.

దీనిని దుబారా యనుట సులభము. కాని దూరపు కొండలు నునుపన్నట్లు, దూరపు ఖర్చులును తేలికగానే తోచును. నెలజీతపు ఉపాధ్యాయుడు సయితము ఒకటవ తేదీన ఒక తీరుగను, ఇరువదియైదవ తేదీన మఱియొక తీరుగను బజారు చేయును.

పశ్చిమ కెన్యాలో ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ విషయమునే మొక్కజొన్న రైతులయందు పరీక్షించి, ఫలితములను 2011లో ప్రకటించిరి. పంట చేతికి వచ్చిన వెంటనే ఎరువునకు సొమ్ము కట్టించుకొని, అదనుకు ఉచితముగా ఇంటికి చేర్చు ఏర్పాటు చేసిరి. ధర తగ్గింపలేదు. అయినను ఎరువు వాడువారు పెరిగిరి. అదను నాడు సగము ధరకే ఇచ్చినప్పటి ఫలితమునకు ఇది ఇంచుమించు సాటివచ్చినది. రైతు బుద్ధి మునుపటిదే. నిర్ణయము జరిగిన దినము మాత్రము మారినది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమన్న మన సామెత చెప్పునదియు ఇదియే.

అయితే ఓర్పునకును వెల కలదు. ధర పెరుగువరకు సరకును కోల్డు స్టోరేజీలలో ఉంచువారు గుంటూరున పెక్కురు. అద్దె చెల్లింపగలిగి, అప్పులవారి ఒత్తిడి లేనివారికే అది సాధ్యము. వేచియున్నంత మాత్రమున ధర పెరుగునన్న నమ్మకమును లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయింపవలసి వచ్చినది. అట్టి యేట రైతునకు ఓర్పును బోధించుట న్యాయము కాదు.

చేయదగినది ఒకటి కలదు. సొమ్ము వచ్చిన నాడే నారునకు, ఎరువునకు, బిడ్డల చదువునకు వేర్వేరుగ తీసి, సులభముగ చేయి పడనిచోట ఉంచవలెను. పూర్వము కొంగున వేర్వేరు ముడులు వేసి సొమ్ము దాచిన ఇల్లాండ్రు ఆర్థికశాస్త్రము చదువలేదు. రేపటి తమ మనస్సు నేటివలె నుండదని మాత్రము వారెఱుగుదురు.