ప్యాలెస్ మైదానంలో నల్లచొక్కాల రాత్రి

బెంగళూరులో మేఖ్రి సర్కిల్ దాటి బళ్లారి రోడ్డు మీదుగా ఊళ్లోకి వస్తుంటే ఎడమచేతి వైపు పొడుగాటి గోడ మొదలవుతుంది. ఆ గోడకి మధ్యమధ్యలో గేట్లు. పెళ్లిళ్ల సీజన్లో ఏ గేటు చూసినా పూల అక్షరాలతో వధూవరుల పేర్లే. లోపల మైసూరు ఒడయార్ల ప్యాలెస్, దాని చుట్టూ 450 ఎకరాల పైచిలుకు నేల. రిసెప్షన్లు, ఎగ్జిబిషన్లు, పార్టీల బహిరంగ సభలు అన్నీ ఇక్కడే జరుగుతాయి. మన దేశంలో హెవీ మెటల్ అభిమానులకి తీర్థం లాంటి చోటు ఏదని ఎవరైనా అడిగితే నేను ఈ గోడ లోపలి ఎర్రమన్నునే చూపిస్తాను.

ఈ నేల మీద వివాదం పాతదే. ప్యాలెస్‌నీ, మైదానాన్నీ స్వాధీనం చేసుకుంటూ 1996లో కర్ణాటక ప్రభుత్వం చట్టం చేసింది. రాజకుటుంబం కోర్టుకెక్కింది. ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో నలుగుతూనే ఉంది. ఆ మధ్య బళ్లారి రోడ్డు, జయమహల్ రోడ్డు వెడల్పు చేయడానికి తీసుకునే 15 ఎకరాల పరిహారం గురించి మళ్లీ రగడ రేగింది. ఏదీ తేలకపోవడం వల్లే నడిబొడ్డున ఇంత ఖాళీ నేల అపార్ట్‌మెంట్ల పాలు కాకుండా మిగిలిందని నాకు అనిపిస్తుంది. ఆ మిగిలిన నేల మీదికే 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందం వచ్చింది.

అంతకుముందు మన దగ్గర మెటల్ వినడమంటే ఒంటరి వ్యవహారం. హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఇంజినీరింగ్ హాస్టల్లో ఈ పాటలు వినేవాళ్లు ఇద్దరో ముగ్గురో. కాపీ చేసి కాపీ చేసి అరిగిపోయిన క్యాసెట్లు, ఆ తర్వాత హార్డ్ డిస్కులు చేతులు మారేవి. ఇంట్లో స్పీకర్ పెడితే ‘ఆ అరుపులేంట్రా, ఆపు’ అనే మాట తప్పదు. అందుకని ఇయర్‌ఫోన్లే గతి. మెయిడెన్ వచ్చిన ఆ మార్చి సాయంత్రం దేశం నలుమూలల నుంచీ రైళ్లెక్కి బస్సెక్కి వచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మనం ఇంతమందిమా అని అందరికీ ఒకేసారి తెలిసింది. ఆ రోజు ముందుగా వాయించిన ఢిల్లీ బృందం పరిక్రమ అదే ఏడాది ఇంగ్లండ్‌లోని డౌన్‌లోడ్ ఫెస్టివల్ వేదిక కూడా ఎక్కింది. ఇక వరస ఆగలేదు. 2008లో మెగాడెత్, మెషీన్ హెడ్. 2009లో మళ్లీ మెయిడెన్. 2010లో ల్యాంబ్ ఆఫ్ గాడ్.

తర్వాత 2011 అక్టోబర్ 30, ఆదివారం. మెటాలికా.

అసలు వాళ్ల తొలి భారత కచేరీ ఆ శుక్రవారమే గుర్గావ్‌లో జరగాలి. జనం ఎదురుచూస్తుండగానే ముందు వాయిదా అన్నారు, చివరికి రద్దు చేశారు. కడుపు మండిన జనం వేదిక ఎక్కి సామాన్లు విరగ్గొట్టారు. ఆ వార్త విన్నప్పటి నుంచి బెంగళూరుకి బయల్దేరిన ప్రతివాడికీ గుండెల్లో దడే. మాకూ అంతే. అనంతపురం బస్టాండులో బస్సెక్కుతున్నప్పుడు కూడా ‘జరుగుతుందంటావా?’ అన్నదే మాట.

గేటు దగ్గర క్యూలో మా తెలుగు విని ఓ పెద్దాయన దగ్గరికొచ్చాడు. సెక్యూరిటీ యూనిఫాం, మెడలో తుండు. హిందూపురం దగ్గరి మనిషట.

“యాడ నుంచి వచ్చినారు నాయనా?”

“అనంతపురం, తాతా.”

“పాట వినేదానికి ఇంత దూరమా?”

“వీళ్లు మళ్లీ వస్తారో రారో తాతా.”

ఆయన తలూపాడు. “తోపులాట ఎక్కువైతే ముందుకు పోవాకండి. ఎడమపక్క దారి తీసిపెడతాం, ఆ పక్కకి రాండి.” గుర్గావ్ సంగతి ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. మా జేబుల్లోని నీళ్ల సీసాలు లోపలికి పోనివ్వరని చెప్పి, అక్కడే తాగించి మరీ పంపించాడు.

లోపల ఎటు చూసినా నలుపే. టీషర్టు మీద బొమ్మ చూస్తే చాలు, మనిషి ఏ బృందం తాలూకో, ఎన్నాళ్ల నుంచి వింటున్నాడో చెప్పేయొచ్చు. ఉతికి ఉతికి అచ్చు పగుళ్లిచ్చిన చొక్కాకి ఇక్కడ కొత్తదానికి లేని గౌరవం. బెంగళూరు బృందం ఇన్నర్ శాంక్టమ్ వాయించింది, స్కాట్లండ్ నుంచి వచ్చిన బిఫీ క్లైరో వాయించింది. చీకటి పడ్డాక దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తెర మీద ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ సినిమాలో శ్మశానంలో సమాధుల మధ్య పరుగెత్తే సన్నివేశం, వెనక ఎన్నియో మొరికోనే సంగీతం. 1983 నుంచీ మెటాలికా వేదిక ఎక్కేముందు వినిపించేది అదే. దానికి మాటల్లేవు, అయినా మైదానం మొత్తం ఆ స్వరాన్ని గొంతెత్తి పాడింది. పక్కవాడి కళ్లల్లో నీళ్లు. మొదటి పాట ‘క్రీపింగ్ డెత్’ అందుకోగానే నేల కదిలింది.

ఇది ఇంట్లో వినే సంగీతం కాదని అక్కడ నిలబడితే గానీ తెలియదు. బాస్ డ్రమ్ దెబ్బ చెవికి రాకముందే పక్కటెముకలకి తగులుతుంది. గిటార్ తీగ మీద అరచేతి అంచు ఆనించి కొట్టే ఆ మొద్దుబారిన ‘జగ్ జగ్’ కాలికింది మట్టిలోంచి పైకి పాకుతుంది. ఈ బరువుకి మూలం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల్లో ఉంది. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ కుర్రతనంలో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని పోనుపోను తీగల బిగువు సడలించాడు. స్వరం కిందికి దిగింది, బరువెక్కింది. గాయపడిన కార్మికుడి చేతిలోంచి వచ్చిన నాదం ఇది. ఈ సంగీతాన్ని ఉత్త గోల అనేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ కథే.

వేల చేతులు చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి ఊగుతుంటాయి కదా, ఆ ముద్రని మెటల్ లోకంలో వ్యాప్తిలోకి తెచ్చినవాడు రోనీ జేమ్స్ డియో. 1979లో సబాత్‌లో చేరిన గాయకుడు. ఇటలీ మూలాలున్న ఆయన అవ్వ దిష్టి తగలకుండా వీధిలో ఆ గుర్తు పెట్టేదని ఆయనే చెప్పేవాడు. ఎండుమిరపకాయలు దిగతుడిచే మన ఇళ్లకి అదేమంత పరాయి సంగతి కాదు.

‘వన్’ పాటకి ముందు తుపాకుల మోత, నిప్పురవ్వలు. ఆ తర్వాత మా ఎదర జనం వలయంగా విడిపోయి మధ్యలో ఖాళీ ఏర్పడింది. మాష్ పిట్ అంటారు. భుజాలతో ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ చుట్టూ పరుగు. బయటి నుంచి చూస్తే కొట్లాటే. కళ్లజోడు పెట్టుకున్న ఓ బక్కపలచని కుర్రాడు కాలు జారి పడ్డాడు. పడ్డ మరుక్షణం నలుగురు వాడి చుట్టూ చేతులు బారజాపి గోడ కట్టారు, ఇద్దరు చంకల్లో చేతులేసి లేపారు. ఇంకొకడు మట్టిలోంచి కళ్లజోడు తీసి తన చొక్కాతో తుడిచి వాడి ముక్కు మీద పెట్టాడు. వాడు నవ్వి మళ్లీ వలయంలోకి ఉరికాడు. అవతల ఎవడో ఒంటికాలి బూటు గాల్లోకి ఎత్తి పట్టుకుని దాని యజమాని వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. పడినవాణ్ని లేపడం ఇక్కడ తొలి నియమం. దాన్ని ఏ బోర్డు మీదా రాయరు, ఎవరూ తప్పరు. ఇంత మర్యాద తెలిసిన గుంపుని నేను మరెక్కడా చూడలేదు.

చివరగా ‘సీక్ అండ్ డెస్ట్రాయ్’. మైదానమంతా లైట్లు వెలిగాయి. వేదిక మీదున్నవాళ్లకీ మా ముఖాలు కనిపించాయి. గేటు దాటేసరికి ఆటోవాళ్లు మెజెస్టిక్ బస్టాండుకి నోటికొచ్చిన రేటు చెబుతున్నారు. దాంతో చాలామంది నడకే పట్టారు. కడప, కర్నూలు, వరంగల్, విజయవాడ కుర్రాళ్లు దారిలో పరిచయమయ్యారు. టీ బండి దగ్గర నంబర్లు రాసుకున్నాం, దగ్గరున్న పాటల జాబితాలు ఏకరువు పెట్టుకున్నాం.

ఈ మైదానం నుంచి పెద్ద షోలు క్రమంగా ఊరి శివార్లకి జరిగాయి. 2012లో స్లేయర్ వాయించింది భారతీయ సిటీలో. అదే ఏడాది మొదలైన బెంగళూరు ఓపెన్ ఎయిర్ ఫెస్టివల్ జర్మనీలోని వాకెన్ ఉత్సవంతో చెయ్యి కలిపి మన బృందాలకి అక్కడిదాకా దారి వేసింది. హైదరాబాద్‌లో గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం పుట్టి, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. ఒకప్పుడు హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్న ఊరిలోనే ఇప్పుడు సొంత పాట రాసి, సొంతంగా వాయించి, టికెట్టు పెట్టి వినిపించేవాళ్లున్నారు. ఆ రాత్రి టీ బండి దగ్గర కలిసిన వరంగల్ కుర్రాడు గాడ్‌లెస్ షో ఎప్పుడున్నా నాకు ఫోన్ చేస్తాడు.