పేదవాని పేరు పక్కన రాసిన మాట

మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదివేటప్పుడు మనలో చాలామంది ఆ పేర్ల వరుసను గబగబా దాటేసి యేసుక్రీస్తు జనన వృత్తాంతానికి వెళ్లిపోతాం. వంశావళి అనేది రాజులకూ జమీందారులకూ సంబంధించిన సంగతి అని మనకు ఒక అభిప్రాయం. కూలివాని ముత్తాత పేరు ఎవరు రాసి ఉంచుతారు?

ఇంగ్లాండులో రాసి ఉంచారు. దాదాపు ఐదు వందల ఏళ్లుగా పల్లెటూరి కూలివాని పేరు, అతని భార్య పేరు, పుట్టి నెల తిరగకుండా చనిపోయిన బిడ్డ పేరు అక్కడి చర్చి పుస్తకాల్లో ఉన్నాయి. ఆ పుస్తకాలు ఎలా పుట్టాయి, వాటిలో ఒక బీద కుటుంబాన్ని ఎలా వెదకాలి, అవి సంఘమైన మనకు ఏమి చెబుతున్నాయి అన్నవి ఈ వారం ఆలోచిద్దాం.

మూడు తాళాల పెట్టె

1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ప్రతి పారిష్‌లో, అంటే ఒక చర్చి కాపుదలలో ఉన్న ఊళ్లో, పాదిరిగారు ఒక రిజిస్టరు ఉంచి ప్రతి బాప్తిస్మం, ప్రతి పెళ్లి, ప్రతి సమాధి అందులో రాయాలన్నాడు. 1598 నుండి ప్రతి ఏటా దాని నకలు బిషప్ కార్యాలయానికి పంపాలన్న నియమం వచ్చింది. 1603 నాటి సంఘ నియమావళి రిజిస్టరును మూడు తాళాల పెట్టెలో భద్రపరచమంది. ఒక తాళంచెవి పాదిరిగారి దగ్గర, మిగతావి చర్చి వార్డెన్ల దగ్గర ఉండాలి. ఏ ఒక్కరూ తమంతట తాము ఆ పెట్టె తెరవలేరు.

తొలినాళ్ల రాతలు చాలా క్లుప్తంగా ఉంటాయి. బిడ్డకు బాప్తిస్మమిచ్చిన తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు ఉంటాయి గాని తల్లి పేరు ఉండకపోవచ్చు. 1754 నుండి పెళ్లి రిజిస్టరులో వధూవరులూ సాక్షులూ సంతకం చేయాలి, చదువురాని వారు గుర్తు పెట్టాలి. 1813 నుండి బాప్తిస్మాలకు అచ్చు ఫారాలు వచ్చాయి. వాటిలో తల్లిదండ్రులిద్దరి పేర్లు, నివాసం, తండ్రి వృత్తి కూడా కనబడతాయి.

మనకు బాగా తెలిసిన ఒకరి కుటుంబాన్నే చూడండి. 1818లో సెరంపూర్ నుండి తెలుగు క్రొత్త నిబంధన అచ్చు వేయించిన విలియం కేరీ, 1761లో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ నేతపనివాడు. తరువాత ఆ ఊరి పారిష్ క్లర్కుగా, బడిపంతులుగా పనిచేశాడు. విలియం చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు. 1781లో పిడింగ్టన్ చర్చిలో డారతీ ప్లాకెట్‌ను పెళ్లాడాడు. రిజిస్టరులో డారతీ సంతకం లేదు, సిలువ ఆకారంలో గీసిన గుర్తు ఉంది. ఆమెకు అప్పటికి చదువు రాదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. పన్నెండేళ్ల తరువాత భర్తతో సముద్రం దాటి బెంగాలుకు వచ్చిన స్త్రీ ఆమెయే.

ఏ ఊరు పోషించాలి?

చర్చి పెట్టెలో ఉన్నవి ఈ రిజిస్టర్లు మాత్రమే కావు. 1601లో ఎలిజబెత్ రాణి కాలంలో బీదల చట్టం వచ్చింది. ప్రతి పారిష్ తన బీదలను తానే పోషించాలి. అందుకోసం ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నవారి దగ్గర పన్ను వసూలు చేసి, చర్చి వార్డెన్లూ, బీదల ఓవర్సీర్లూ పంచిపెట్టాలి. ఆ లెక్కల పుస్తకాల్లో విధవరాలికి వారం వారం ఇచ్చిన డబ్బు, పిల్లవానికి కొన్న చెప్పులు, చలికాలపు వంటచెరకు, మంత్రసాని కూలి, శవపేటిక ఖర్చు అన్నీ పేర్లతో సహా కనబడతాయి.

అయితే పన్ను కట్టేవారికి ఒక ప్రశ్న వచ్చింది. పక్క ఊరి నుండి వచ్చిన బీదవాణ్ణి మేమెందుకు పోషించాలి? 1662 నాటి సెటిల్‌మెంట్ చట్టం ఈ ప్రశ్నలో నుండే పుట్టింది. ప్రతి మనిషికీ ఒక సొంత పారిష్ ఉండాలి. తండ్రి పారిష్ పిల్లలకు, భర్త పారిష్ భార్యకు వస్తుంది. పెళ్లి కాని పనివాడు ఒక యజమాని దగ్గర పూర్తి సంవత్సరం పనిచేసినా, పనినేర్చుకునే ఒప్పందంలో చేరినా, ఏడాదికి పది పౌండ్ల అద్దె గల ఇల్లూ భూమీ తీసుకున్నా కొత్త పారిష్‌లో హక్కు వచ్చేది. ఆ హక్కు రాకూడదని, సంవత్సరం నిండడానికి కొద్ది రోజుల ముందే పనివాణ్ణి పంపేసిన యజమానులు ఉన్నారు.

బీదవాని హక్కు ఏ ఊరిలో ఉందో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేటుల ముందు అతణ్ణి ప్రమాణం చేయించి విచారించేవారు. ఎక్కడ పుట్టావు? ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశావు? జీతం ఎంత? పెళ్లి ఎక్కడైంది? పిల్లల వయసులెంత? ఆ జవాబులు రాసిన కాగితమే సెటిల్‌మెంట్ విచారణ పత్రం. చదువురాని కూలివాని జీవిత చరిత్ర ఒక్క పేజీలో అక్కడ దొరుకుతుంది. హక్కు లేదని తేలితే, కుటుంబమంతటినీ సొంత పారిష్‌కు పంపే ఉత్తర్వు ఇచ్చేవారు. 1795 వరకు సహాయం అడగకపోయినా, అడిగేలా ఉన్నాడని అనిపిస్తే చాలు, పంపించే వీలుండేది.

ఎలా వెదకాలి?

మన సంఘాల్లో కొందరికి ఇది కేవలం చరిత్ర కాదు. రైల్వే ఊళ్లలో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మూలాలు కొన్ని ఇంగ్లాండు పల్లెల్లోనే ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలలో జరిగిన వారి బాప్తిస్మాల, పెళ్లిళ్ల, సమాధుల వివరాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మిషనరీల జీవిత చరిత్రలు రాసేవారికి కూడా ఈ మార్గం అవసరమే.

మొదటి సూత్రం, తెలిసిన దాని నుండి వెనక్కి నడవాలి. 1837 జూలై 1 నుండి ఇంగ్లాండులో ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేసింది. 1851 జనాభా లెక్కల్లో ప్రతి వ్యక్తి పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. ఆ పేరు పట్టుకుని ఆ పారిష్ రిజిస్టరుకు వెళ్లాలి. రిజిస్టరు పోయి ఉంటే బిషప్‌కు పంపిన నకలు చూడాలి. పాత రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కువగా జిల్లా రికార్డు ఆఫీసుల్లో ఉన్నాయి. చాలా వాటిని ఫ్యామిలీసెర్చ్ వంటి వెబ్‌సైట్లలో ఉచితంగా వెదకవచ్చు.

రెండవది, కుటుంబం ఆ ఊరి రిజిస్టరులో అకస్మాత్తుగా మాయమైతే బీదల కాగితాలు తెరవాలి. వారు ఎక్కడి నుండి వచ్చారో, ఎక్కడికి పంపబడ్డారో అక్కడ తెలుస్తుంది. 1834 చట్టం తరువాత కొన్ని పారిష్‌లను కలిపి యూనియన్లు చేశారు గనుక, ఆపై కాలానికి వర్క్‌హౌస్ రికార్డులు చూడాలి.

మూడవది, కొన్ని చోట్ల పొరబడకూడదు. ఒకే ఇంటిపేరును పాదిరిగారు చెవికి వినబడినట్టు పలు విధాలుగా రాసేవారు. 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1721. బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు గనుక వారి పిల్లల పేర్లు బాప్తిస్మ రిజిస్టరులో లేకపోవడం సహజం. అలాంటి సంఘాలు ఉంచుకున్న సొంత పుస్తకాలలో అనేకం ఇంగ్లాండు జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి.

తల ఎత్తిన చోట, తల దించిన చోట

ఈ పుస్తకాలు చదివేవారు రెండు సంగతులకు సిద్ధపడాలి. చర్చి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టింది, చలికి దుప్పటి ఇచ్చింది. అదే చర్చి మనుషులు, పెళ్లికాని గర్భిణీ స్త్రీని కాన్పుకు ముందే ఊరి పొలిమేర దాటించారు. వివాహం లేకుండా పుట్టిన బిడ్డకు సాధారణంగా పుట్టిన ఊరే సొంత పారిష్ అవుతుంది, ఆ ఖర్చు తమ మీద పడకూడదని వారి ఆలోచన. 1697 నాటి చట్టం సహాయం పొందేవారి కుడి భుజం మీద ఎరుపు లేక నీలం గుడ్డతో ‘పి’ అక్షరం కుట్టించింది. 1783 నుండి కొన్నేళ్లు ప్రతి బాప్తిస్మ నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది. బీదలకు మినహాయింపు ఇచ్చారు గాని, దాని కోసం బాప్తిస్మం పొందిన పసిబిడ్డ పేరు పక్కనే ‘బీద’ అని గుర్తు పెట్టారు.

1799లో లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ వర్క్‌హౌస్ నుండి రాబర్ట్ బ్లింకో అనే ఏడేళ్ల అనాథను నాటింగ్‌హామ్ దగ్గరి నూలు మిల్లుకు పంపారు. కాగితం మీద అది పని నేర్పించే ఒప్పందం. అతడు అక్కడా, తరువాత చేరిన మిల్లులోనూ అనుభవించింది దెబ్బలూ ఆకలీ. పారిష్ లెక్కల్లో మాత్రం ఒక ఖర్చు తగ్గింది.

ఇప్పుడు లేఖనాల వైపు చూడండి. జనసంఖ్యలో రాయబడడానికి సొంత ఊరికి ప్రయాణమైన నిండు గర్భిణి మరియ. బేత్లెహేములో ఆమెకు స్థలం దొరకలేదు. అంతకు చాలా కాలం ముందు అదే బేత్లెహేముకు పరదేశియైన ఒక విధవరాలు, చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. నీ సొంత పారిష్ ఏదని అడిగి ఉంటే రూతును మోయాబుకు తిరిగి పంపేవారే. బోయజు ఆమెను పొలంలో ఉండనిచ్చాడు, పరిగె ఏరుకోనిచ్చాడు. ఆమె పేరు మత్తయి మొదటి అధ్యాయంలో ఉంది. ఆ పేరు పక్కన ‘బీద’ అన్న గుర్తు లేదు.

మన సంఘాల దగ్గరా రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మాల పుస్తకం ఉంది, విధవరాళ్ల సహాయ నిధి లెక్క ఉంది, హాస్టలు పిల్లల జాబితా ఉంది. చాలా చోట్ల అవి చెదలు పట్టి, వానకు తడిసి పాడవుతున్నాయి. వాటిని భద్రం చేయండి, ఫోటోలు తీసి నకళ్లు ఉంచండి. ఆ పేర్లు మన మనవలకు వేరే ఎక్కడా దొరకకపోవచ్చు. అలాగే, సహాయం పొందిన మనిషి పేరు పక్కన మనం ఏ మాట రాస్తున్నామో కూడా ఒకసారి చూడండి. దుప్పటి పంచేటప్పుడు తీసే ఫోటో, బ్యానరు మీద అచ్చువేసే పేరు కూడా రిజిస్టరు వంటివే. రెండు వందల ఏళ్ల తరువాత అతని సంతతివారు ఆ పేజీ తెరిస్తే, తమ తాతను క్రీస్తు సంఘం ఎలా చూసిందో అక్కడ చదువుకుంటారు.