కియాంటి ద్రాక్షసీమలో దంపతుల విహారం: మూడు రోజుల ప్రణాళిక

ఇటలీ ద్రాక్షసీమ అనగానే మనకు స్ఫురించే చిత్రం ఒకటున్నది. కొండవాలున ఒక పాత రాతి ఇల్లు, దానికి దారి తీసే సైప్రస్ చెట్ల వరుస, సాయంకాలపు నీరెండ, ఎదురెదురుగా కూర్చున్న దంపతులు. పర్యాటక ప్రకటనలలో విరివిగా కనిపించే ఈ చిత్రంలో రైతు మాత్రం కనిపించడు. ఆ వాలును చదును చేసినది, తీగలను కత్తిరించి వరుసలు తీర్చినది, ఇంటి పైకప్పు కూలకుండా కాపాడినది ఆయనే. ఆయన సాగు మానివేసిన కొన్నేళ్లకే పొదలు కమ్ముకొని ఆ అందం మరుగున పడిపోతుంది. కాబట్టి అటువంటి చోట రెండు మూడు రోజులు గడపదలచిన దంపతులు తమ ప్రణాళికను రైతు పనుల క్రమాన్ని అనుసరించి వేసుకోవడం అన్ని విధాలా శ్రేయస్కరం. విహారం హాయిగా సాగుతుంది, చెల్లించిన సొమ్ము సాగు నిలిచేందుకు తోడ్పడుతుంది.

సదస్సులకు, శిక్షణలకు ఐరోపా వెళ్లే శాస్త్రవేత్తలు, అక్కడి విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మన విద్యార్థులు జీవిత భాగస్వామితో ఇటువంటి చిన్న యాత్ర తలపెట్టడం నేడు సాధారణమైనది. అట్టివారి కొరకు టస్కనీ రాష్ట్రంలోని కియాంటి క్లాసికో ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, ప్రయాణ ప్రణాళికతో పాటు ఆ ఆతిథ్యం వెనుకనున్న వ్యవసాయ వ్యవస్థను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ప్రాంత పరిచయం

ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ సుమారు 70,000 హెక్టార్లలో విస్తరించిన కొండల సీమ ఇది. ఇందులో కియాంటి క్లాసికో వైన్‌కు నమోదైన ద్రాక్షతోటలు సుమారు 7,000 హెక్టార్లు మాత్రమే. మిగిలిన నేలలో అత్యధిక భాగం అడవి; నడుమనడుమ ఆలివ్ తోటలు ఉంటాయి. 1716లో టస్కనీ పాలకుడు మూడవ కోసిమో దే మెదిచి కియాంటితో సహా నాలుగు ప్రాంతాల వైన్‌కు ఎల్లలు నిర్ణయిస్తూ శాసనం జారీ చేశాడు. నేటి భౌగోళిక గుర్తింపు చట్టాలకు దీనిని తొలి రూపాలలో ఒకటిగా పరిగణిస్తారు. 1924లో రాద్దా పట్టణంలో 33 మంది ఉత్పత్తిదారులు సంఘంగా ఏర్పడి నల్ల కోడిపుంజును తమ చిహ్నంగా స్వీకరించారు. నేటికీ సీసా మీద ఆ పుంజు బొమ్మే నిజమైన సరుకుకు గుర్తు.

ప్రధాన రకం సాంజొవేజె. కియాంటి క్లాసికో వైన్‌లో ఈ రకం కనీసం 80 శాతం ఉండాలి. దిగుబడి హెక్టారుకు 7.5 టన్నులకు మించరాదు. మన పందిరి తోటలలో తినే ద్రాక్ష దిగుబడి దీనికి రెండు మూడు రెట్లు ఉండగలదని గుర్తుచేసుకుంటే, ఇక్కడి రైతుకు లభించే ధర బరువును బట్టి గాక ఊరి పేరును బట్టి వస్తున్నదని బోధపడుతుంది. ఆ పేరును నిలబెట్టడంలో విహారానికి వచ్చే అతిథికీ పాత్ర ఉన్నది.

ఖాళీ ఇళ్లు అతిథి గృహాలైన వైనం

నేడు దంపతులు బస చేసే రాతి ఇళ్లు ఒకప్పుడు పాలేర్ల కుటుంబాలు నివసించినవి. మన సంగోరు పద్ధతిని పోలిన మెజ్జాద్రియా అనే విధానం ఈ ప్రాంతంలో శతాబ్దాల పాటు నడిచింది. భూమి, ఇల్లు యజమానివి, శ్రమ పాలేరుది, ఫలసాయం చెరిసగం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం యువత పరిశ్రమలలో పని వెతుక్కుంటూ పట్టణాలకు తరలిపోయింది. 1964 చట్టం కొత్త మెజ్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది. వేలాది ఇళ్లు తలుపులు మూసుకున్నాయి, మెరక పొలాలు బీడుపడ్డాయి.

ఈ నేపథ్యంలో 1985లో ఇటలీ ప్రభుత్వం వ్యవసాయ పర్యాటకానికి తొలి జాతీయ చట్టం చేసింది. దాని స్థానంలో 2006లో 96వ సంఖ్య గల చట్టం వచ్చింది. అందులోని ముఖ్యాంశాలు మూడు. ఒకటి, అగ్రితురిజ్మో అనే పేరుతో ఆతిథ్యం ఇవ్వదలచినవారు సాగు చేస్తున్న రైతులై ఉండాలి. రెండు, బసకు పొలంలో అప్పటికే ఉన్న కట్టడాలను వినియోగించుకోవాలి. మూడు, ఆతిథ్యం ఎంత పెరిగినా సాగే ప్రధానమైనదిగా ఉండాలి. అతిథుల సంఖ్య పదికి మించని చోట సాగే ప్రధానమని చట్టం భావిస్తుంది. అంతకు మించితే రాష్ట్రాల నిబంధనలు వర్తిస్తాయి; సాగుకు, ఆతిథ్యానికి వెచ్చించే పని కాలాన్ని పోల్చి చూడడం వాటిలో ముఖ్యమైన కొలత. వడ్డించే భోజనంలో సొంత పంటకు, చుట్టుపక్కల రైతుల ఉత్పత్తులకు తగిన వాటా ఉండాలన్నది మరొక షరతు.

నేడు ఇటలీ అంతటా ఇటువంటి క్షేత్రాలు 25,000కు పైగా ఉన్నాయి. వీటి సంఖ్యలో టస్కనీది అగ్రస్థానం.

ఏ కాలంలో వెళ్లాలి?

కియాంటిలో తీగలు మార్చి చివర, ఏప్రిల్‌లో చిగురిస్తాయి. మే చివర నుంచి జూన్ వరకు పూత ఉంటుంది. జూలై చివర, ఆగస్టులో కాయ రంగు తిరుగుతుంది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి భాగం వరకు కోత. తరువాత నవంబరు వరకు ఆలివ్ కోత సాగుతుంది.

చాలామంది కోతల కాలమే ఉత్తమమని భావిస్తారు. చూడడానికి అది నిండైన కాలమే. అయితే రైతుకు క్షణం తీరిక ఉండదు. వర్షం పడకముందే పండు గాదెకు చేరాలన్న ఆరాటంలో అతిథితో కూర్చుని మాట్లాడలేడు. అక్టోబరు తొలి ఆదివారం గయోలె పట్టణం నుంచి పాత సైకిళ్ల యాత్ర బయలుదేరుతుంది గనుక ఆ చుట్టుపక్కల గదులు దొరకడమూ కష్టమే. జూలై, ఆగస్టు నెలలలో ఎండ తీవ్రంగా ఉంటుంది. ఆ రోజులలో అనేక క్షేత్రాలు శనివారం నుంచి శనివారం వరకు వారం లెక్కన మాత్రమే బస ఇస్తాయి.

రెండు మూడు రాత్రుల విహారానికి తగిన కాలాలు రెండు. మొదటిది మే రెండవ పక్షం నుంచి జూన్ మధ్య వరకు. పొద్దు చాలా సేపు ఉంటుంది, కొండలు పచ్చగా ఉంటాయి, ద్రాక్షపూత సన్నని పరిమళం గాలిలో తేలుతుంది. రెండవది అక్టోబరు రెండవ పక్షం నుంచి నవంబరు తొలి వారం వరకు. ద్రాక్షాకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. గానుగలలో కొత్త ఆలివ్ నూనె దిగుతుంది. కాల్చిన రొట్టె మీద ఆకుపచ్చని నూనె పోసి రైతు ఇచ్చినప్పుడు, ఖరీదైన విందు కంటె అదే మిన్న అనిపిస్తుంది.

బస ఎంపిక

అగ్రితురిజ్మో క్షేత్రాలకు 2013 నుంచి ఒకటి మొదలు ఐదు వరకు పొద్దుతిరుగుడు పూల గుర్తులతో జాతీయ వర్గీకరణ ఉన్నది. ఇది సౌకర్యాల, సేవల స్థాయిని తెలుపుతుందే గాని వైన్ నాణ్యతను తెలుపదు. కాబట్టి గది కుదుర్చుకొనే ముందు కొన్ని ప్రశ్నలు వ్రాసి అడగడం మంచిది. క్షేత్రంలో ఏయే పంటలు ఉన్నాయి? పండిన ద్రాక్షతో వైన్ అక్కడే చేస్తారా? రాత్రి భోజనం ఉంటుందా, అందులో సొంత పంట ఎంత? తోటలో నడిచేందుకు అనుమతి ఉన్నదా? నిజమైన రైతు ఈ ప్రశ్నలకు సంతోషంగా, వివరంగా జవాబిస్తాడు. ఈత కొలను ఫొటోలు పది పంపి పంట మాట ఒక్కటీ చెప్పనివారి విషయంలో ఆలోచించవలసి ఉంటుంది.

మూడు రోజుల క్రమం

మొదటి రోజు: రోమ్ నుంచి వేగవంతమైన రైలులో ఫ్లోరెన్స్‌కు సుమారు గంటన్నర ప్రయాణం. అక్కడి నుంచి కారులో కియాంటిజానా అని పిలిచే 222వ సంఖ్య రహదారి మీదుగా దక్షిణంగా సాగితే గ్రేవె పట్టణం వస్తుంది. త్రికోణాకారపు అంగడి వీధిలో శనివారం ఉదయం సంత జరుగుతుంది. అక్కడే రొట్టె, జున్ను, పండ్లు కొనుక్కొని ముందుకు సాగితే పాంజానో గ్రామం. ఈ గ్రామ పరిసరాలలోని ద్రాక్షతోటలలో అత్యధిక భాగం సేంద్రియ సాగులో ఉన్నది. మధ్యాహ్నానికి బసకు చేరి, సాయంత్రం తోటలో నడక తప్ప మరే కార్యక్రమమూ పెట్టుకోరాదు.

రెండవ రోజు: ఉదయం ఒక్క వైన్ క్షేత్రం. ముందుగా సమయం కోరి అనుమతి పొందాలి. మధ్యాహ్నం రాద్దా సమీపంలోని వోల్పాయా అనే చిన్న కొండ గ్రామాన్ని చూడవచ్చు. అక్కడ పాత ఇళ్లలోనే వైన్ గాదెలు నెలకొన్నాయి. రాత్రి భోజనం బసలోనే చేయడం ఉచితం.

మూడవ రోజు: గయోలె పరిధిలోని బ్రోలియో కోట. ఇటలీ రెండవ ప్రధానమంత్రి అయిన బెత్తీనో రికాసొలి తన తోటలలో దీర్ఘకాలం ప్రయోగాలు చేసి, 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చెజారె స్తుదియాతికి వ్రాసిన లేఖలో కియాంటి మిశ్రమం స్వరూపాన్ని వివరించాడు. సువాసనకు, బలానికి సాంజొవేజె, మృదుత్వానికి కనాయోలో, త్వరగా త్రాగే వైన్‌కు మాత్రమే మాల్వాజియా అన్నది ఆ వివరణ సారాంశం. కోట చూసిన తరువాత సియెనా చేరి తిరుగు ప్రయాణం చేయవచ్చు.

ఈ క్రమంలో రోజుకు ఒక క్షేత్రం మాత్రమే ఉన్నది. ఇది ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటే. మన వృత్తిలోనివారికి తోట కనబడితే చాలు, వేరుమూలం ఏది, వరుసల మధ్య దూరమెంత అని ఆరా మొదలవుతుంది. జీవిత భాగస్వామి ఎండలో నిలబడి వేచి ఉండవలసి వస్తుంది. ఏడాది పొడవునా క్షేత్ర దినోత్సవాలకు, రైతు సదస్సులకు సెలవు దినాలను ధారపోసే ఇంటికి ఈ మూడు రోజులు చెందాలి. శాస్త్ర జిజ్ఞాసకు ఉదయం రెండు గంటలు కేటాయించి, మిగిలిన కాలం సహచరులకు ఇవ్వడం న్యాయం.

ఆ రెండు గంటలలో చూడదగినవి

నేలను గమనించాలి. పొరలు పొరలుగా విడిపోయే గాలెస్ట్రో, సున్నపు పాలు గల ఆల్బెరేజె రాతి నేలలు ఇక్కడి ప్రత్యేకత. తీగ పెంపకంలో మనకు, వారికి ఉన్న భేదం వెంటనే తెలుస్తుంది. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహీ వంటి రకాలను పందిరి మీద పాకించి ఏడాదికి రెండు కత్తిరింపులు చేయడం పరిపాటి. చలికాలపు నిద్రావస్థ మన తీగకు లేదు. కియాంటిలో తీగ శీతకాలమంతా నిద్రించి, ఒక్క ప్రధాన కత్తిరింపుతో, తీగల కంచె వంటి ఆధారం మీద నడుము ఎత్తున కాపుకు వస్తుంది.

తోటల చుట్టూ విద్యుత్ కంచెలు కనిపిస్తాయి. అడవి పందులు, జింకలు అక్కడి రైతుకూ పెద్ద బెడద. ఇక 1980ల చివర మొదలైన ‘కియాంటి క్లాసికో 2000’ పథకం గురించి ఆతిథేయుని తప్పక అడగాలి. ఉత్పత్తిదారుల సంఘం ఫ్లోరెన్స్, పీసా విశ్వవిద్యాలయాలతో కలిసి సాంజొవేజె క్లోన్లు, వేరుమూలాలు, మొక్కల సాంద్రత, పెంపక పద్ధతులపై పదిహేనేళ్లకు పైగా రైతుల క్షేత్రాలలో ప్రయోగాలు నిర్వహించింది. తదనంతర కాలంలో తోటలు తిరిగి నాటడానికి ఆ ఫలితాలు ఆధారమయ్యాయి. పరిశోధన రైతుకు చేరిన తీరును ఒక సాధారణ రైతు నోట వినడం విస్తరణ విద్యార్థికి మంచి పాఠం.

జాగ్రత్తలు

మన వాహన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం తప్పనిసరి. ఇటలీలో వాహనం నడిపేవారి రక్తంలో మద్యం లీటరుకు 0.5 గ్రాములకు మించరాదు; లైసెన్సు పొంది మూడేళ్లు నిండనివారికి అసలే ఉండరాదు. రుచి చూసి ఉమ్మివేయడానికి ప్రతి గాదెలోనూ పాత్ర ఉంచుతారు. అలా చేయడం అమర్యాద కాదు. ఇద్దరిలో ఒకరు ఆ రోజుకు పూర్తిగా మానుకోవడం ఉత్తమం. ఫ్లోరెన్స్, సియెనా పాత నగర భాగాలలోకి బయటి వాహనాలకు ప్రవేశం లేదు. కెమెరాలు గుర్తించి జరిమానా పంపుతాయి. వాహనాన్ని వెలుపలే నిలపాలి.

శాకాహారులకు టస్కనీ భోజనం అనుకూలమైనదే. రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీతో చేసే రిబొల్లితా, టమాటా రొట్టె జావ, చల్లని పాంజనెల్లా ఇక్కడి పేద రైతుల వంటలే. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. గొర్రెపాల జున్ను తయారీలో సాధారణంగా జంతు సంబంధమైన రెన్నెట్ వాడతారు గనుక నియమం పాటించేవారు ముందుగా విచారించుకోవాలి.

ముగింపు

విహారానికి వచ్చిన దంపతులు చెల్లించే గది అద్దె కొండవాలున తీగ కత్తిరింపు కూలీగా, పాత ఇంటి పైకప్పుకు పెంకుగా మారగలదు. అదే సొమ్ము సాగు మానివేసిన విలాస గృహానికి చేరితే, రైతు లేని దృశ్యానికి అద్దె చెల్లించినట్లవుతుంది. మన రాష్ట్రాలలో వ్యవసాయ పర్యాటకం గురించి రైతులకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు గది అలంకరణ కంటె ముందు ఒక ప్రశ్న వేయడం అవసరం. అతిథులు ఒక ఏడాది రాకపోయినా ఈ పొలంలో పంట ఉంటుందా? ఉంటుందన్న జవాబు వచ్చినచోటే ఆతిథ్యాన్ని ప్రోత్సహించాలి. ఆ పంటను చూడడానికే అతిథి మళ్లీ వస్తాడు.