పురుగు కొరికినప్పుడు పైరు ఏమి చేస్తుంది?



ఆకుపై రెండు రంధ్రాలు కనబడగానే మందు డబ్బా కోసం దుకాణానికి పరుగెత్తడం మనలో చాలామందికి అలవాటు. పంట రుణాల తనిఖీకి వెళ్లినప్పుడు నేను చూచిన ఒక టమాటా రైతు, నాట్లు వేసిన నెలలోపే నాలుగు మార్లు మందు కొట్టారు. తీరా కాయతొలుచు పురుగు వచ్చేసరికి చేతిలో పైకం లేదు. అప్పు మాత్రం మిగిలింది. అందుచేత, మందు కొట్టే ముందు పైరు తన రక్షణకు తానేమి చేసుకొంటున్నదో తెలిసికొనడం అవసరం.

గాయం పంపే కబురు

1972లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గ్రీన్, రయాన్ ఒక విశేషాన్ని ప్రకటించారు. బంగాళాదుంప, టమాటా మొక్కలలో ఒక ఆకును పెంకు పురుగు తింటే, అది ముట్టని ఆకులలో సైతం పురుగు జీర్ణశక్తిని దెబ్బతీసే మాంసకృత్తులు పెరుగుతాయి. ఈ కబురును నడిపించే ముఖ్యమైన హార్మోను జాస్మోనిక్ ఆమ్లం. దీని సంబంధీకమైన మిథైల్ జాస్మోనేట్‌ను 1962లో జాజిపూల తైలం నుండి వేరుచేశారు.

జన్యువులకు తాళం

రక్షణ జన్యువులు ప్రతి కణంలోనూ ఉంటాయి. మామూలు రోజులలో ‘జాజ్’ అనే మాంసకృత్తులు వాటిని అణచి ఉంచుతాయి. పురుగు కొరకగానే జాస్మోనిక్ ఆమ్లం తయారై, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో కలుస్తుంది. ఈ జంట ‘కోయి-1’ అనే మాంసకృత్తును జాజ్‌కు జతపరచగా, కణం జాజ్‌ను ముక్కలు చేస్తుంది. తాళం ఊడిన జన్యువులు పని ప్రారంభిస్తాయి. ఈ జాజ్ సంగతి 2007లో బయటపడింది.

మరి తాళం ఎందుకు? రక్షణకు ఖర్చవుతుంది. నిరంతరం యుద్ధానికి సిద్ధంగా ఉండే మొక్క ఎదుగుదలలో వెనుకబడుతుంది.

ఈ రక్షణకు హద్దులున్నాయి

తెల్లదోమ వంటి రసం పీల్చు పురుగులు సాలిసిలిక్ ఆమ్లపు మార్గాన్ని మేల్కొలిపి, జాస్మోనిక్ మార్గాన్ని మందగింపజేయగలవు. పురుగుల ఉధృతి పెరిగినప్పుడు పైరు ఒంటరిగా నిలువలేదు. అప్పుడు మీ సాయం కావాలి.

మీరు పాటించవలసినవి

• వారానికి రెండు మార్లు పొలమంతా తిరిగి పురుగులను లెక్కించండి. నష్టపరిమితి దాటినప్పుడే మందు వాడండి. ఆ పరిమితిని వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనండి.
• టమాటాలో ప్రతి 16 వరుసలకు ఒక వరుస బంతిని ఎర పంటగా నాటండి.
• పొగాకు లద్దె పురుగు గ్రుడ్ల సముదాయాలున్న ఆకులను ఏరి నాశనం చేయండి. లింగాకర్షక బుట్టలు అమర్చండి.
• యూరియా మోతాదు మించనీయకండి. లేత ఆకు పురుగుకు విందు.

డీలర్ మిత్రులకు ఒక మనవి. పురుగు పేరు, ఉధృతి అడగకుండా మందు ఇవ్వవద్దు. రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగిలితేనే బ్యాంకు బాకీ, మీ అరువు రెండూ తీరుతాయి.

పైరు తన వంతు పని చేస్తున్నది. తొందరపడక, ఏమరక, మన వంతు మనం చేద్దాం.